పాత ఫ్లాట్‌లో ఏది పీకాలి, ఏది ఉంచాలి

మీరు రాసింది చదివి నాకు అర్థమైంది ఇది. కూకట్‌పల్లిలో 2009లో కట్టిన మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ కొన్నారు. 1450 చదరపు అడుగులు, ఐదంతస్తుల్లో మూడో అంతస్తు. పాత ఓనరు శ్లాబు కింద వేలాడదీయించిన పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) ఫాల్ సీలింగ్, హాల్లో గోడ నిండా షోకేసు, హాలుకీ డైనింగ్‌కీ మధ్య చెక్క ఆర్చి, ఒక గోడకు టెక్స్చర్, అద్దంలా మెరిసే టైల్స్, గోడ తీసేసిన ఓపెన్ కిచెన్ ఉన్నాయి. చేతిలో 8 లక్షలున్నాయి. అన్నీ పీకేసి మీ తమ్ముడి కొత్త ఫ్లాట్‌లోలాగా బూడిద రంగు గోడలు, చార్‌కోల్ ప్యానెళ్లు (గోడకు అంటించే గాడుల పలకలు), నిగనిగలాడే తెల్ల కిచెన్ పెట్టించాలని మీ ఆలోచన. 68 ఏళ్ల అమ్మగారు మీతోనే ఉండబోతున్నారు. వీటిలో ఏవి పాతబడిపోయాయో చెప్పమన్నారు.

ఈ పనిలో నాకు 22 ఏళ్లు. మా నాన్న వడ్రంగి. విజయవాడలో ఆయన దగ్గర చిత్రిక పట్టడంతో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్ వచ్చి ఇళ్ల లోపలి పనులు చేయిస్తున్నాను. మీ ఫ్లాట్‌లో ఉన్న ఆర్చిల్లాంటివి, షోకేసుల్లాంటివి అప్పట్లో పదుల సంఖ్యలో చేశాం. ఇప్పుడు వాటినే తీయడానికి పిలుస్తున్నారు. అన్నేళ్లలో నాకు తెలిసొచ్చింది ఒకటే: ఏ వస్తువుకైనా చేయి వేసే ముందు అది అక్కడికి ఏ పని కోసం వచ్చిందో కనుక్కోవాలి. ఆ పని తీరిపోయి ఉంటే నిశ్చింతగా తీసేయొచ్చు. పని ఇంకా మిగిలే ఉంటే, దానికి వేరే చోటు చూపించాకే తీయాలి.

మీ షోకేసే తీసుకోండి. లోతు 24 అంగుళాలని రాశారు. ఆ లోతు టీవీ కోసం పెట్టింది. 29 అంగుళాల పాత డబ్బా టీవీకి వెనక పెద్ద బుర్ర ఉండేది, దాని వెనక వైర్లకు, గాలికి కొంచెం చోటు కావాలి. అందుకని రెండడుగులు. టీవీకి అంత చోటు ఇచ్చాక పక్క అరలు కూడా అదే లోతులో లాగేవాళ్లం, లేకపోతే వరస కలవదు. ఇప్పుడు టీవీ మందం రెండు మూడు అంగుళాలు. గోడ పొడవు పదడుగులు అన్నారు కాబట్టి, లేని టీవీ కోసం మీ హాల్లో 20 చదరపు అడుగులు పోతున్నాయి. చదరపు అడుగు మీరు ఎంత పెట్టి కొన్నారో దాన్ని 20తో గుణించండి. దీన్ని తీయడానికి రెండో ఆలోచన అక్కర్లేదు.

కానీ షోకేసు చేసిన పని టీవీని మోయడం ఒక్కటే కాదు. విజయవాడలో ఒకరింట్లో ఇలాంటిదే తీసేశాం. కొడుకూ కోడలూ డిజైన్ ఒప్పుకున్నారు, పని బాగా వచ్చింది, ఫొటోలు కూడా తీసుకున్నాం. ఏడాది తర్వాత ఏదో చిన్న రిపేరుకి వెళ్తే వాళ్లమ్మగారు నన్ను లోపలికి పిలిచి మంచం కింద నుంచి ఒక అట్టపెట్టె లాగి చూపించారు. కొండపల్లి దశావతారాల సెట్టు, వాళ్లాయన రిటైర్మెంట్ రోజు ఆఫీసువాళ్లిచ్చిన షీల్డు, మనవడి మొదటి ప్రైజు కప్పు, తిరుపతి నుంచి తెచ్చిన ఇత్తడి గంట. అన్నీ పాత పేపర్లలో చుట్టి ఉన్నాయి. మత్స్యావతారానికి తోక విరిగిపోయింది. "ఇవి ఎక్కడ పెట్టుకోమంటావు నాయనా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆవిడను ముందే ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. ఆ తర్వాత నేను పాత షోకేసు తీసిన ప్రతి ఇంట్లో దాని బదులు 8 అంగుళాల లోతు అరలు ఒక వరస తప్పకుండా పెడుతున్నాను. బొమ్మలకు అంతకంటే లోతు అక్కర్లేదు. ముందు అద్దం తలుపులు పెడితే దుమ్ము పడదు. తెల్ల పొణికి కర్రతో చేసిన బొమ్మలు చాలా తేలిక, తడిగుడ్డ పెట్టి తుడిస్తే రంగు పోతుంది. పొడి కుంచెతో దులపాలి. మీ అమ్మగారికి సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే అలవాటుంటే ఈ అరలు వాళ్లతో కూర్చునే గీయండి.

షోకేసు తీసేటప్పుడు ఇంకొకటి. వెనక గోడను బాగా చూడండి. పదిహేనేళ్లుగా గాలి తగలని గోడ అది. చెమ్మ, చెద రెండూ అక్కడే దాక్కుంటాయి. మట్టి గీతలు కనిపిస్తే చెదల మందు కొట్టించాకే కొత్త చెక్క తేవాలి. షోకేసుకి వాడింది టేకు అయితే పారేయొద్దు. ఆ కాలం ఫ్రేముల్లో మంచి టేకు ఉంటుంది, చిత్రిక పట్టిస్తే కొత్తదానిలా బయటపడుతుంది. ఆర్చి చెక్కా అంతే. మొన్నొకరింట్లో ఆర్చి చెక్కతో గుమ్మం పక్కన చెప్పులేసుకునేటప్పుడు కూర్చోవడానికి బల్ల చేయించాం. మీ అమ్మగారికి అలాంటిదే పనికొస్తుంది.

ఆర్చి గురించి అంతకన్నా పెద్దగా చెప్పేదేం లేదు, తీసేయండి. మీలాంటి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లలో బరువు మోసేవి పిల్లర్లు, బీములు. ఆర్చి సోకు కోసం పెట్టింది. అయినా సుత్తి వేసే ముందు ఒక ఇంజినీరుకు చూపించండి. మీ తమ్ముడు మీ ఇంటిని చూసి తమ ఇంట్లో కూడా గోడ తీయిద్దామనుకుంటే మాత్రం ఆపండి. ఇప్పటి పెద్ద టవర్లు చాలావరకు మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో గోడలనే కాంక్రీటుతో పోసి కడుతున్నారు. ఆ గోడలే బిల్డింగును మోస్తాయి. వాటిని కొట్టకూడదు సరికదా, పైపు కోసం గాడి కూడా పెట్టకూడదు.

ఇక ఫాల్ సీలింగ్. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మీ శ్లాబు నేల నుంచి తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో ఉంది. పీఓపీ ఒక అడుగు కిందికి దిగింది. మిగిలింది ఎనిమిదిన్నర. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం మనుషులు ఉండే గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తుండాలి, అంటే సుమారు తొమ్మిదడుగులు. ఏసీ గదికి మాత్రం 2.4 మీటర్ల వరకు తగ్గించుకోవచ్చు. హాల్లో మనం ఏసీ మీద కాకుండా ఫ్యాను మీదే బతుకుతాం. ఫ్యాను రెక్కలకూ పైకప్పుకూ మధ్య అడుగు దూరమైనా లేకపోతే అది పైనుంచి గాలి సరిగా లాక్కోలేదు, తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కానీ కింద గాలి ఉండదు. పొట్టి రాడ్డుతో సీలింగ్‌కి అంటించినట్టు పెట్టిన ఫ్యాన్లు మీరు చూసే ఉంటారు.

మరి ఇది ఎందుకొచ్చింది? పెద్ద ఆఫీసుల్లో, హోటళ్లలో ఏసీ డక్టులు, ఫైర్ పైపులు, వందల వైర్లు దాచడానికి ఫాల్ సీలింగ్ వేస్తారు. మన ఇళ్లలో దాచడానికి అంత సామానే లేదు. ఆ మెట్లు మెట్ల డిజైను, లోపల నీలం, గులాబీ లైట్లు చూడ్డానికి బాగున్నాయని అందరం వేశాం, నేనూ వేశాను. గృహప్రవేశం రోజు తప్ప ఆ రంగు లైట్లు వేసుకున్న ఇల్లు నాకు కనపడలేదు.

తీయాలా వద్దా తేల్చుకోవడానికి ఒక పని చేయండి. మెయిన్ ఆఫ్ చేసి, సీలింగ్‌లోని ఒక గుండ్రటి లైటును కిందికి లాగండి. ఆ రంధ్రంలోంచి ఫోన్ టార్చి వేసి లోపలికి చూడండి. నేను చూసిన చాలా ఇళ్లలో లోపల కనిపించేది ఇది: ఒకే పాయింటు నుంచి పన్నెండు లైట్లకు వైర్లు లాగి ఉంటాయి, జాయింట్లకు డబ్బా ఉండదు, ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేసి ఉంటారు. ఆ టేపు వేడికి ఎండి జారిపోయి, రాగి తీగ బయటికొచ్చి ఉంటుంది. పక్కన వేళ్లు మునిగేంత దుమ్ము, బల్లులు. మీ ఇంట్లోనూ ఇలాగే ఉంటే తీసేయడమే మంచిది. వైరింగ్ పద్ధతిగా ఉండి, పగుళ్లు లేకపోతే బెడ్‌రూముల్లో అలాగే ఉంచి హాల్లో మాత్రం తీయించండి.

తీశాక శ్లాబు నున్నగా ఉంటుందనుకోవద్దు. రాడ్లు దించిన చోటల్లా బెజ్జాలుంటాయి, లప్పం రెండు మూడు కోట్లు పడుతుంది. పీఓపీ చెత్త చాలా బరువు, గోనెసంచుల్లో నింపి లిఫ్టులో దింపాలి కాబట్టి అసోసియేషన్‌వాళ్లను ముందే అడగండి. ఏసీ రాగి పైపు, నీటి పైపు పైన దాచి ఉంటే వాటి దారి కూడా ముందే ఆలోచించాలి. లైట్లకు గోడల మీద బిల్డర్ ఇచ్చిన పాత పాయింట్లు చాలావరకు బతికే ఉంటాయి. అక్కడ 3000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే అంకె, తక్కువైతే పసుపు, ఎక్కువైతే తెలుపు) వార్మ్ లైట్లు, చదువుకునే చోట, వంటగట్టు మీద 4000 కెల్విన్‌వి పెట్టండి. ఇల్లంతా 6500 తెల్ల లైట్లు వేస్తే మందుల షాపులో కూర్చున్నట్టుంటుంది, పెద్దవాళ్లకు రాత్రిపూట కళ్లు ఇబ్బంది.

రెండు చోట్ల ఫాల్ సీలింగ్‌కి అసలైన పని ఉంది. ఒకటి బాత్‌రూము: పై ఫ్లాటు పైపులు మీ నెత్తి మీద ఉంటాయి, లీకైతే ఊడదీసి చూడగలిగే పలకల సీలింగ్ కావాలి. రెండోది చిట్టచివరి అంతస్తు: శ్లాబు వేడికి మధ్యలో గాలి పొర కొంత అడ్డుపడుతుంది. అక్కడ కూడా ముందు డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించమంటాను. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది అందుకే. మీది మూడో అంతస్తు కాబట్టి ఈ బాధ లేదు.

ఓపెన్ కిచెన్ విషయంలో పాత ఓనరు గోడ తీసేయడం నాకు నచ్చలేదు, అయినా గోడ మళ్లీ కట్టమని చెప్పను. మన వంటలో తాలింపు ఉంది. నూనె కాగాక ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ పడిన ఆ ఒక్క నిమిషంలో వచ్చే ఘాటు హాల్లో కర్టెన్లకు, సోఫాకు పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. చేపల పులుసు చేసిన రోజు ఇక చెప్పనే అక్కర్లేదు. చిమ్నీ ఉందిగా అంటారు. చిమ్నీ పొగ గొట్టం బయటికి తిన్నగా వెళ్తే బాగా పనిచేస్తుంది. రెండు మూడు మలుపులు తిప్పి యుటిలిటీలోంచి లాగితే చప్పుడు మిగులుతుంది, లాగుడు తగ్గుతుంది. అందుకని అల్యూమినియం ఫ్రేములో జరుపుకునే అద్దం తలుపులు పెట్టించండి. వంట చేస్తూ అమ్మగారు హాల్లో మీతో మాట్లాడొచ్చు, తాలింపు వేళకు తలుపు మూసుకోవచ్చు. సిలిండరు లోపలే ఉంటే ఒక జాగ్రత్త: వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. కాబట్టి పైన ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక్కటే చాలదు, బయటి గోడకు నేల దగ్గర కూడా గాలి పోయే జాలీ ఉండాలి.

మాడ్యులర్ కిచెన్‌వాళ్లు వచ్చి మొట్టమొదట వంటగట్టు కింద ఉన్న కడప రాయి అరలు పగలగొట్టమంటారు. వినొద్దు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. సింకు కింద ఎప్పుడో ఒకప్పుడు నీళ్లు కారతాయి. చవక బోర్డుతో చేసిన డబ్బా నాలుగు వానాకాలాలు దాటకముందే అంచుల దగ్గర ఉబ్బి, లామినేట్ లేచిపోతుంది. కడప రాయికి నీళ్లంటే లెక్కలేదు, చెదకు పనికిరాదు, బొద్దింకలు గూడు కట్టడానికి అందులో సందులుండవు. సింకు కింద, సిలిండరు పక్కన రాళ్లు అలాగే ఉంచి షట్టర్లు బిగించండి. పొయ్యి పక్కన రెండు మూడడుగుల మేర మాత్రం రాళ్లు తీసి సొరుగులు పెట్టండి, వంగక్కర్లేకుండా గిన్నెలు, పోపుల డబ్బా చేతికందుతాయి. అమ్మగారి మోకాళ్ల కోసం ఆ ఖర్చు తగినదే. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర (నీళ్లకు ఓర్చే రకానికి వేసేది) స్వయంగా చూసుకోండి. "కమర్షియల్ ప్లై కూడా వాటర్‌ప్రూఫేనండీ" అని షాపులో చెప్తే నమ్మొద్దు, అది తేమను కొంతవరకే ఓర్చుకుంటుంది.

గట్టు మీది నల్ల గ్రానైటు కూడా తీయకండి. దూరంగా చూస్తే నలుపు, దగ్గరికెళ్తే లోపల బంగారు రవ్వలు మెరుస్తున్నాయంటే అది మన చీమకుర్తి గెలాక్సీ. దానికోసం విదేశాలవాళ్లు ఓడల్లో తెప్పించుకుంటారు. దాన్ని పీకి తెల్ల క్వార్ట్జ్ వేయించుకున్నవాళ్లు పసుపు మరకలతో కుస్తీ పడుతున్నారు. క్వార్ట్జ్‌లో జిగురు కలిసి ఉంటుంది కాబట్టి పొయ్యి మీది మూకుడు దించి నేరుగా పెడితే మచ్చ పడిపోతుంది. మీ తమ్ముడి ఇంట్లో ఉన్న నిగనిగలాడే యాక్రిలిక్ షట్టర్లూ అంతే, నూనె చేయి తగిలితే చాలు అచ్చు పడుతుంది. నునుపు తక్కువున్న మ్యాట్ లామినేట్ తీసుకోండి.

టైల్స్ చూద్దాం. హాల్లో మెరిసే టైల్స్ పొడిగా ఉన్నంతసేపు ప్రమాదం కాదు. ప్రమాదమల్లా తడిలో. మొత్తం తవ్వించే డబ్బు మీ బడ్జెట్‌లో లేదు, అవసరమూ లేదు. రెండు బాత్‌రూములు, యుటిలిటీ, సింకు ముందు నాలుగడుగులు, ఈ చోట్ల గరుకు టైల్స్ వేయించండి. పాత టైలు గట్టిగా అంటుకుని ఉంటే దాని మీదే గమ్ముతో కొత్తది వేయొచ్చు, అయితే నేల అర అంగుళం పైన లేస్తుంది. తలుపు కింద అంచు కోయాలి. అప్పుడు వంటగదికీ హాలుకీ మధ్య చిన్న మెట్టులా ఏర్పడితే అమ్మగారు తట్టుకుని పడతారు, అక్కడ మాత్రం పాతది తవ్వించి మట్టం కలపండి. బాత్‌రూములో కమోడు పక్కన గోడకు పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ మరిచిపోకండి.

టెక్స్చర్ గోడ గీకించి లప్పం పెట్టించండి. దుమ్ము పట్టడం తప్ప దానికి వేరే పని లేదు.

చార్‌కోల్ ప్యానెళ్ల గురించి మీరు ఉత్సాహంగా రాశారు, నిరుత్సాహపరుస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. పేరు బొగ్గుదే గానీ అందులో ఎక్కువ భాగం పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్కు. నిలువు గాడులు సన్నగా ఉంటాయి, గుడ్డ లోపలికి పోదు. మీరు ఇప్పుడు గీకించబోతున్న టెక్స్చర్ గోడ కూడా ఇదే కారణంతో విసుగెత్తించింది కదా. దేవుడి గూటి పక్కన అయితే అసలే వద్దు, దీపం సెగకు మంచిది కాదు. లేజరుతో కోసిన ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన బోర్డు) జాలీ, దాని వెనక వెలిగే యాక్రిలిక్ బొమ్మ కూడా దేవుడి గదిలో వద్దంటాను. ఏడాది తిరిగేసరికి దీపం మసి జాలీ కన్నాల్లో దిగిపోతుంది, ఎండీఎఫ్ తడిగుడ్డకు ఆగదు. షోకేసులోంచి వచ్చిన టేకుతో చిన్న తలుపులు, కింద గ్రానైటు ముక్క, దీపం పైన రెండడుగుల ఖాళీ. అంతే చాలు.

గోడలన్నీ బూడిద రంగు వేస్తే, మూడు వైపులా పక్క బిల్డింగులున్న మూడో అంతస్తులో మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. లేత గోధుమ రంగు, వెన్న తెలుపు లాంటివి వేసి, రంగు కావాలనుకున్న చోట బట్టతో తీసుకురండి. కిటికీలకు మంగళగిరి నేత, దివాను మీద పోచంపల్లి దుప్పటి, కింద వరంగల్ తివాచీ. విసుగనిపిస్తే మార్చుకోవచ్చు, మేస్త్రీ అక్కర్లేదు.

ఇలా మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలంటే, ముందు వైరింగ్‌కి. 2009లో ఒక్క ఏసీకి లెక్కేసి వైర్లు లాగేవాళ్లు, మీరు మూడు పెట్టబోతున్నారు. ప్రతి ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) ఉండాలి. గీజరుకూ వేరే లైను. మొత్తం ఇంటికి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. ఆ తర్వాత బాత్‌రూము లీకులు, ఆపైన టైల్స్, లప్పం. చెక్క పని చివరికి. చాలామంది చెక్క పని ముందు మొదలుపెట్టి, లీకు కోసం కొత్త వార్డ్‌రోబ్ వెనక గోడ పగలగొట్టుకుంటారు.

మేస్త్రీ కొలతలకు వచ్చేలోపు ఒక చిన్న పని ఉంది. అమ్మగారిని ఆ వంటగట్టు ముందు నిలబెట్టి, చేతులు మడిచి కూర తరుగుతున్నట్టు పెట్టమనండి. మోచేతికి నాలుగు అంగుళాల కింద గట్టు ఉంటే అది ఆవిడకు సరిపోయింది. బిల్డర్లు మామూలుగా 32 నుంచి 34 అంగుళాలు పెడతారు. ఆవిడకు ఎక్కువైందా తక్కువైందా, ఎంత తేడా ఉందో, ఆవిడ కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా నాకు రాయండి. సొరుగులు పొయ్యికి ఏ పక్కన పెట్టాలో అది తెలిశాకే చెప్పగలను.